నీళ్ల ఒడ్డున ఒక రాత్రి టెంటులో ఉండి రావాలంటే

జలాశయం ఒడ్డున టెంటు వేసుకోవాలని బయల్దేరే బృందాలు చికెన్ కిలో చాలా, కిలోన్నర కావాలా అని గంటసేపు మాట్లాడుకుంటాయి. టెంటు ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం "అక్కడికెళ్లాక చూద్దాంలే" అని వదిలేస్తాయి. ఆలస్యంగా చేరి, సెల్‌ఫోన్ వెలుతురులో, నీళ్లకు పది అడుగుల దూరంలో, ఏటవాలు నేలమీద టెంటు నిలబెడతారు. తెల్లారేసరికి దుప్పట్లు తడిసి ఉంటాయి, ఒంటినిండా దోమకాట్లు ఉంటాయి, అందరూ జారుకుంటూ ఒక మూలకు చేరి ఉంటారు. అందుకే ఇక్కడ తిండి కంటే స్థలం గురించి, వేళ గురించి ఎక్కువ చెబుతున్నాం. లెక్కలన్నీ నలుగురు పెద్దవాళ్లు, ఒక కారు, ఒక రాత్రి అనుకుని ఇచ్చినవి. బయల్దేరేది బెజవాడ నుంచి గానీ గుంటూరు నుంచి గానీ.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. మార్చి దాటితే పల్నాడు వైపు రాత్రి పది గంటలకు కూడా బండరాళ్లు సెగలు కక్కుతుంటాయి. రెంటచింతల ఎండ సంగతి మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు. ఈ రెండు నెలల్లో తేదీ పెట్టుకుంటే వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే రంగుల హెచ్చరికలను మూడు రోజుల ముందు నుంచి చూస్తుండాలి. మీరు వెళ్లే జిల్లాకు ఆరెంజ్ పడితే ప్రయాణం మానుకోవడమే. అడ్వాన్సు పోతుందని వెళ్లొద్దు.

కార్తీక మాసం ఆదివారాల్లో ప్రతి చెరువుగట్టూ వనభోజనాలతో నిండిపోతుంది. సంక్రాంతికి ముందూ వెనకా మూడేసి రోజులు హైదరాబాదు రోడ్డు మీద బండి కదలదు. ఈ రెండూ తప్పించి వారం మధ్యలో వెళ్లగలిగితే అదే ఒడ్డు సగం మందితో దొరుకుతుంది. నక్షత్రాలు చూడాలనుకునేవాళ్లు అమావాస్యకు అటూ ఇటూ, పిల్లలతో వెళ్లేవాళ్లు పౌర్ణమికి దగ్గరగా తేదీ పెట్టుకోండి. వెన్నెల ఉంటే లైట్లతో సగం పని తగ్గుతుంది.

ఎక్కడికి

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: మరుగుదొడ్డి, కాపలా మనిషి, కారు పెట్టుకునే చోటు ఉన్న క్యాంపు స్థలమే ఎంచుకోండి. అడవిలోకి వెళ్లి ఎవరూ లేని ఒడ్డు వెతుక్కుందామన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. కానీ నాగార్జునసాగర్ చుట్టూ ఉన్న అడవిలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం. కొల్లేరు కూడా 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యమే. కైకలూరు దగ్గర ఆటపాకలో పక్షుల్ని చూసి పొద్దుగూకే లోపు ఇంటికొచ్చేయండి, టెంటు మాట తలపెట్టొద్దు.

సాగర్‌కు గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా మూడు గంటలు, కాస్త ఎక్కువ పడుతుంది. బెజవాడ వాళ్లు ఇంకో గంట కలుపుకోవాలి. కుడిగట్టున విజయపురి సౌత్ మనవైపు. నాగార్జునకొండకు లాంచీలు అక్కడి నుంచి కదులుతాయి. దూరమైనా ఫర్వాలేదనుకుంటే ములుగు జిల్లాలో లక్నవరం ఉంది. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ కొండలు, వేలాడే వంతెన, తెలంగాణ పర్యాటక శాఖ బస. బెజవాడ నుంచి ఖమ్మం, మహబూబాబాద్ మీదుగా ఐదారు గంటల దారి కాబట్టి తెల్లవారుజామున బయల్దేరితేనే పగటి వెలుతురు చేతిలో ఉంటుంది.

బుక్ చేసే ముందు ఫోన్‌లో ఇవి అడగండి. ఎవరైనా "అన్నీ ఉన్నాయి సార్" అంటే ఒక్కొక్కటే విడదీసి మళ్లీ అడగండి.

- టెంటు వాళ్లదా, మనం తెచ్చుకున్నది వేసుకోనిస్తారా? వాళ్లదైతే దోమతెర జిప్పు పనిచేస్తుందా?
- మరుగుదొడ్లు ఎన్ని, రాత్రి నీళ్లు వస్తాయా, లోపల లైటు ఉందా, తలుపుకు గడియ ఉందా?
- పొయ్యి వెలిగించనిస్తారా? చలిమంటకు కేటాయించిన గుంట ఉందా?
- టెంటు స్థలానికీ నీళ్లకూ మధ్య ఎన్ని అడుగులు? గట్టు ఎంత ఎత్తు?
- రాత్రంతా కాపలా ఉంటుందా, గేటు ఎన్నింటికి మూస్తారు?
- ఏ కంపెనీ సిగ్నల్ అందుతుంది? యూపీఐ పనిచేస్తుందా?

చివరి ప్రశ్నకు జవాబు "వస్తుంది" అయినా రెండు మూడు వేలు నోట్లుగా జేబులో పెట్టుకోండి.

మేడ మీద ఒక రాత్రి

కొత్త టెంటును మొదటిసారి చెరువు ఒడ్డున విప్పకూడదు. ప్రయాణానికి వారం ముందు మేడ మీద వేసి చూడండి. గచ్చులో మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలల తాళ్లనూ నీళ్లు నింపిన ఐదు లీటర్ల డబ్బాలకు కట్టండి. కర్రలన్నీ ఉన్నాయా, మేకులు ఎన్ని, తాళ్లు ఎన్ని అన్నది లెక్కపెట్టండి. ఈ కర్రల ముక్కల లోపల ఎలాస్టిక్ తాడు ఉంటుంది. గుడ్డ గొట్టంలోకి కర్రను ఎప్పుడూ తోయాలి. అవతలి కొస పట్టుకుని లాగితే ముక్కలు లోపలే ఊడిపోతాయి, గుడ్డ చిరుగుతుంది. కొత్తవాళ్లు విరగ్గొట్టే కర్రల్లో చాలావి ఇలా పోయేవే.

టెంటు నిలబడ్డాక పైకప్పు మీద మగ్గుతో పది నిమిషాలపాటు నీళ్లు పొయ్యండి. ఒకరు లోపల కూర్చుని కుట్ల వెంట చేత్తో తడిమి చూడాలి. చుక్క దిగే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆరాక సీమ్ సీలర్ (కుట్ల సందులు మూసే జిగురు) పూయండి. ఆ రాత్రి అందులోనే పడుకుంటే పరుపు పల్చనైందా, ముగ్గురు పట్టేదని రాసిన టెంటులో నిజంగా ఎంతమంది పడతారు అన్నది తేలిపోతుంది. టెంటు మీద రాసిన సంఖ్య భుజానికి భుజం ఆనించి పడుకునే లెక్క. అందులోంచి ఒకటి తీసేయండి. నలుగురికి ఐదుగురి టెంటు ఒకటి, లేదా ముగ్గురి టెంట్లు రెండు. రెండు చిన్నవే మేలు. గాలి తక్కువ పడుతుంది, చదునైన చోటు సులువుగా దొరుకుతుంది, గురక పెట్టే మనిషికి వేరే ఇల్లు ఇచ్చినట్టూ ఉంటుంది.

కొనేవాళ్లయితే పైకప్పు వాటర్‌ప్రూఫ్ రేటింగ్ (గుడ్డ ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో చెప్పే అంకె) 2000 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. అంతకంటే ముఖ్యం, లోపలి టెంటు గోడలు సగమైనా దోమతెరగా ఉండాలి. ఒకే పొర గుడ్డతో వచ్చే చవక టెంట్లు మన ఉక్కకు పనికిరావు.

పక్క, సామాను

నేల నుంచి వచ్చే చలి గాలిలో చలికంటే ఎక్కువ బాధపెడుతుంది. జనవరిలో లోపలి జిల్లాల్లో కొన్ని రోజులు తెల్లవారుజామున పదిహేను డిగ్రీల లోపుకు దిగుతుంది, నీళ్ల పక్కన ఇంకా చల్లగా అనిపిస్తుంది. కింద ఎనిమిది పది మిల్లీమీటర్ల ఫోమ్ చాప, దానిమీద ఇంట్లో బొంత, కప్పుకోవడానికి రగ్గు ఉంటే స్లీపింగ్ బ్యాగ్ కొనక్కర్లేదు. బొంత నేల తడిని పీలుస్తుంది కాబట్టి దాన్ని నేరుగా టెంటు అడుగు మీద పరవొద్దు. గాలి పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకట్టిస్తుంది. దాని మీద కూడా ఒక దుప్పటి మడతపెట్టి వేయాలి.

మిగతా సామాను గబగబా: తలకు కట్టుకునే లైటు మనిషికొకటి, అదనపు సెల్స్, పవర్‌బ్యాంకు, నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ తాడు ఇరవై మీటర్లు, పన్నెండు అడుగుల పొడవు తొమ్మిది అడుగుల వెడల్పు టార్పాలిన్ ఒకటి, సుత్తి, చిన్న గడ్డపార, కత్తి, డక్ట్ టేపు, జానెడు ఇనుప గొట్టం ముక్క. ఈ ముక్క ఎందుకంటే, టెంటు కర్ర పగిలితే పగులు మీదకు దీన్ని తొడిగి రెండు కొసలా టేపు చుడితే ఆ రాత్రి గడిచిపోతుంది. తాళ్లు, టార్పాలిన్లు బెజవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నంబజారులో కొనుక్కుంటే సరిపోతుంది. క్యాంపింగ్ అనే ముద్ర పడిన తాడుకు రెండింతలు పెట్టక్కర్లేదు.

నీళ్లు, తిండి

ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. ఒకటి తాగడానికి, వంటకు. రెండోది చేతులకు, గిన్నెలకు. మొదటి దానికి పంపు బిగించుకోండి. ఒంపుకుని తాగే క్యాను చీకట్లో సగం నేలపాలవుతుంది. జలాశయం నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. మిర్చి, పత్తి చేలల్లో కొట్టిన మందు వానతో కొట్టుకొచ్చి కలిస్తే అది మరిగినా పోదు. అందుకని చెరువు నీళ్లు తాగే ఆలోచన పెట్టుకోవద్దు.

మధ్యాహ్నానికి ఇంటి నుంచి చింతపండు పులిహోర. నిమ్మకాయది కంటే ఇది ఎక్కువసేపు నిలుస్తుంది. పెరుగన్నం ఎండలో కారు డిక్కీలో మూడు గంటలకే పులిసిపోతుంది, వద్దు. రాత్రికి చికెన్ కిలో చాలు, బియ్యం మూడు గ్లాసులు, అంటే దాదాపు ఆరువందల గ్రాములు. ముక్కలు కడిగి ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి గాలి చొరని డబ్బాలో పెట్టి ముందు రోజు రాత్రే డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. ఆ గడ్డే ఐస్‌బాక్సులో మంచులా పనిచేస్తుంది. తోడుగా లీటరు నీళ్ల సీసాలు నాలుగు గడ్డకట్టించి పెట్టండి. చితక్కొట్టిన ఐసు కంటే నెమ్మదిగా కరుగుతాయి, కరిగాక తాగొచ్చు, బాక్సు అడుగున మురికి నీరు చేరదు. కూల్‌డ్రింకులు వేరే సంచిలో ఉండాలి. దారిలో పదిసార్లు మూత తీస్తే మాంసం చల్లదనం పోతుంది. చికెన్‌ను ఆ సాయంత్రమే వండాలి. ముక్క పూర్తిగా మెత్తబడి గోరువెచ్చగా తగులుతుంటే వాసన బాగానే ఉన్నా పారేయండి. డీప్ ఫ్రీజర్‌లో చోటు లేని ఇళ్లవాళ్లు మాంసం మానేసి కోడిగుడ్లు పట్టుకెళ్లడం మంచిది.

శాకాహారులకు మూడు లీటర్ల కుక్కర్లో ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, వడియాలు. ఒడ్డున కూర్చుని వేడి వేడి మిర్చి బజ్జీ తినాలన్న గుంటూరు ఆశను మాత్రం వదులుకోండి. గాలికి వంగే మంట మీద, ఎగుడుదిగుడు నేల మీద, బాణలినిండా కాగే నూనె పెట్టడం ప్రమాదం.

పొద్దున ఉప్మా. రెండు గ్లాసుల బొంబాయి రవ్వను ఇంట్లోనే పోపుతో సహా దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తండి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై కారి ఉండలు కడుతుంది. అక్కడ ఐదు గ్లాసుల నీళ్లు తెర్లబెట్టి, ఉప్పేసి, రవ్వ పోసి కలిపితే పది నిమిషాల్లో టిఫిన్. నల్లకారప్పొడి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

పొయ్యికి ఒంటి బర్నర్ బ్యూటేన్ స్టవ్, 230 గ్రాముల డబ్బాలు రెండు. ఒక డబ్బా నిండు మంట మీద గంటన్నర దాకా మండుతుంది. ఈ రెండు వంటలకూ టీలకూ కలిపి ఒకటిన్నర అవుతుంది. గాలి కొడుతోందని స్టవ్ చుట్టూ రేకులు మూసేస్తారు, వేడి డబ్బా వైపు తిరిగి అది పేలుతుంది. గాలి వచ్చే ఒక్క పక్కన, మూరెడు దూరంలో అడ్డం పెట్టండి. స్టవ్ కంటే వెడల్పైన గిన్నె పెట్టినా ఇదే ప్రమాదం. డబ్బాలను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. రైలులో, బస్సులో గ్యాస్ డబ్బా తీసుకెళ్లడం నిషేధం కాబట్టి అలా వెళ్లేవాళ్లు భోజనం క్యాంపు వాళ్లకే చెప్పుకోవాలి.

మూడున్నరకు చేరాలి

డిసెంబరులో మనకు పొద్దు ఐదున్నర దాటగానే గూకుతుంది. మూడున్నరకు చేరితే రెండు గంటల వెలుతురు. అరగంట స్థలం చూడటానికి, ముప్పావుగంట టెంటుకు, మిగతాది వంటకు. దారిలో ఎక్కడ ఆగినా ఈ గడియారం మరిచిపోకండి. ఎత్తిపోతల జలపాతం చూడాలనుకుంటే తిరుగు ప్రయాణంలో చూడండి.

కారు దిగగానే సామాను దించొద్దు. ముందు నీళ్ల అంచుకు నడిచి, సరిగ్గా నీరు తాకే చోట ఒక పుల్ల గుచ్చండి. గంట తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి దాన్ని చూడాలి. నీరు పుల్లను దాటి రెండు వేళ్ల మందం ఎక్కిందంటే టెంటు పైకి జరపాల్సిందే. మన జలాశయాల్లో నీటిమట్టం వానతోనే పెరగదు. ఎగువ ఆనకట్ట వదిలితే ఎండ కాస్తున్న రోజున కూడా పెరుగుతుంది. ఇక ఆనకట్టకు దిగువన, కృష్ణ ఇసుకతిన్నెల మీద గానీ బండల మధ్య గానీ టెంటు ఎప్పుడూ వెయ్యకూడదు. గేట్లు ఎత్తినా, విద్యుత్కేంద్రం నుంచి నీళ్లు వదిలినా పారిపోయే వ్యవధి ఉండదు.

తర్వాత ఒడ్డు చదవండి. ఎండిన నాచు, ప్లాస్టిక్ కప్పులు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. నీళ్లు మొన్నమొన్న అక్కడిదాకా వచ్చాయని గుర్తు. టెంటు ఆ గీతకు పైన ఉండాలి. దూరం కంటే ఎత్తు ముఖ్యం. చదునైన ఒడ్డు మీద వంద అడుగులు వెనక్కి జరిగినా నీటికంటే జానెడు ఎత్తులోనే ఉండొచ్చు. మనిషి నిలువుకు తగ్గని ఎత్తు చూసుకోండి. నీళ్లకు కనీసం అరవై మీటర్లు, అంటే ఎనభై అంగలు వెనక్కి ఉంటే దోమలూ మంచూ రెండూ తగ్గుతాయి. చల్లగాలి బరువుగా ఉండి పల్లంలో చేరుతుంది కాబట్టి గుంటలో వేసిన టెంటు రాత్రంతా చలిపెట్టెలా ఉంటుంది. వాన పడితే అదే గుంట మడుగవుతుంది.

తల ఎత్తి కూడా చూడండి. ఎండుకొమ్మ ఉన్న చెట్టు, తాటిచెట్టు, కొబ్బరిచెట్టు కింద వద్దు. మైదానంలో ఒంటరిగా ఉన్న చెట్టు పిడుగుకు పిలుపు. ఉరుము వినపడితే టెంటు వదిలి కారులో కూర్చోండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి దిగండి.

చోటు నచ్చాక బట్ట పరిచి దానిమీద పడుకుని చూడండి. నిలబడితే చదునుగా కనిపించే నేల పడుకుంటే నిజం చెబుతుంది. సగం నీళ్లున్న సీసాను అడ్డంగా పెడితే వాలు ఎటో తెలుస్తుంది. వాలు తప్పకపోతే తలలు ఎత్తువైపు.

టెంటు వెయ్యడం, బిగించడం

నేల మీద ముందు పరిచే షీటు టెంటు అంచుకంటే నాలుగు వేళ్లు లోపలికి మడవాలి. బయటకు కనపడితే పైకప్పు నుంచి జారిన నీళ్లు దానిమీద పడి నేరుగా మీ వీపు కిందికే పోతాయి. "టెంటు కారుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఒక మూలకు మేకు కొట్టాక తర్వాతది దాని ఎదురు మూలకు కొట్టాలి, పక్క మూలకు కాదు. అప్పుడే అడుగు గుడ్డ ముడతలేకుండా సాగుతుంది. మేకు తల టెంటుకు అవతలివైపు వాలేలా, నలభై ఐదు డిగ్రీల్లో దించండి. నిలువుగా కొట్టిన మేకును తాడు నాలుగు ఊపుల్లో పైకి లాగేస్తుంది. నేలను బట్టి పద్ధతి మారుతుంది. గుంటూరు వైపు నల్లరేగడిలో ఎండినప్పుడు మేకు సుత్తి దెబ్బకు దిగుతుంది, తడిస్తే వెన్నలోంచి వచ్చినట్టు ఊడొస్తుంది. అక్కడ జానెడున్నర మేకులు వాడండి, నెర్రెలున్న చోట అసలు వెయ్యొద్దు. తేళ్లూ పాములూ చల్లదనానికి దాక్కునేది ఆ పగుళ్లలోనే. ఇసుకలో మేకు పనిచేయదు. ఒక సంచిలో ఇసుక నింపి, మెడకు తాడు కట్టి, మోచేతి లోతు గోతిలో పూడ్చి తొక్కండి. రాతినేల అయితే తల అంత రాయికి తాడు చుట్టి, దాని ముందు ఇంకో పెద్ద రాయి దొర్లించండి.

తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. పగలు గాలి నీళ్ల మీంచి ఒడ్డుకు, రాత్రి ఒడ్డు మీంచి నీళ్లకు మళ్లుతుంటుంది. కాబట్టి సాయంత్రం గాలిని చూసి మోసపోకుండా తలుపును ఒక పక్కకు తిప్పితే రెండింటికీ సరిపోతుంది. పైకప్పు లోపలి టెంటును ఎక్కడా తాకకుండా తాళ్లు బిగించండి. చలి అని పైకప్పు కిటికీలు మూసేయొద్దు. నలుగురి ఊపిరి తేమ ఎటూ పోలేక గుడ్డకు పట్టి తెల్లవారుజామున చుక్కలుగా రాలుతుంది. వాన పడకుండానే లోపల తడిసిందంటే కారణం చిల్లు కాదు, మూసిన కిటికీ.

చీకటి పడ్డాక

దోమలు తలుపు దగ్గరే కాచుకుని ఉంటాయి. సూర్యుడు దిగే అరగంట ముందే జిప్పు మూసేసి, రాత్రి పదకొండు దాకా లోపలికీ బయటికీ తిరగడం తగ్గించండి. ఎక్కువ వెలుతురున్న లైటును టెంటుకు పదిహేను అడుగుల దూరంలో కొమ్మకు వేలాడదీసి, టెంటు దగ్గర మసక వెలుతురు మాత్రమే ఉంచితే పురుగులన్నీ అటుపోతాయి. చర్మానికి దోమల మందు రాసుకోండి. టెంటులో మస్కిటో కాయిల్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టడం చావును పక్కన పడుకోబెట్టుకోవడమే. గుడ్డ అంటుకుంటుంది, అంటుకోకపోయినా కుంపటి విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చలిమంట క్యాంపు వాళ్లు చూపించిన గుంటలోనే, టెంటుకు ఐదు మీటర్లకు తగ్గకుండా, గాలి దిగువన. ఒక్క నిప్పురవ్వ నైలాన్ పైకప్పుకు వేలు పట్టేంత చిల్లి చేస్తుంది. అక్కడి అడవిలో ఎండుకొమ్మలు విరవకుండా ఊరి అడితిలో సరుగుడు కట్టెలు పది కిలోలు కొనండి, రెండు గంటలకు సరిపోతాయి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, అరచేయి వెనకభాగం దగ్గరపెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదు.

తినగా మిగిలింది, చెత్తసంచి, చెప్పులకంటిన కూర సైతం టెంటులో ఉండకూడదు. కోతులు, కుక్కలు, ఎలుకలు వాసనకు వస్తాయి, ఎలుకల వెనక పాము వస్తుంది. అన్నీ కారులో పెట్టి అద్దాలెత్తండి. గిన్నెలు నీళ్ల అంచున తోమొద్దు. అరవై మీటర్ల ఇవతల తోమి ఆ నీళ్లు నేలమీద చల్లేయండి. మరుగుదొడ్డి లేని చోట ఉండాల్సి వస్తే అంతే దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పూడ్చకుండా వెనక్కి తేవాలి.

పాము, తేలు

కట్లపాము రాత్రిపూట నేలమీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. నొప్పి తక్కువ, కాటు గుర్తు కనపడకపోవచ్చు. రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం తర్వాత మొదలవుతాయి. జిప్పు పూర్తిగా మూసిన టెంటు దీనికి గట్టి రక్షణ. చీకట్లో లైటు లేకుండా అడుగు వెయ్యొద్దు, బూట్లు టెంటు లోపల పెట్టుకుని వేసుకునే ముందు దులపండి.

కాటు పడితే పైన తాడు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు రాయడం, మంత్రం వేయించడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాలి. అది ఎక్కడుందో, ఎంత దూరమో ఇంటి దగ్గరే కనుక్కుని కాగితం మీద రాసి కారులో అంటించండి. సిగ్నల్ పోయిన చోట గుర్తుండదు. అందుకే కారు ముందు భాగం ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి, గట్టి నేల మీద నిలపాలి. నల్లరేగడిలో చక్రం దిగబడిన కారుతో ఆసుపత్రికి వెళ్లలేరు.

మందుల సంచిలో ఓఆర్‌ఎస్, పారాసిటమాల్, సెట్రిజిన్, పోవిడోన్ అయోడిన్, బ్యాండేజీ, మీరు రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులవి అదనంగా.

నీళ్లలోకి

ఈత వద్దు. జలాశయం ఒడ్డు రెండు అడుగుల లోతు చూపించి మూడో అడుగుకు కాలందకుండా చేస్తుంది. అడుగున బురద, మునిగిన చెట్లు, తూటికాడ. కృష్ణలో మొసళ్లున్నాయి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్స్ బిగించుకున్నాకే కదలనివ్వండి. 2017 నవంబరు 12న బెజవాడ పక్కన, కృష్ణలోని పవిత్ర సంగమం దగ్గర తిరగబడిన పడవలో ఇరవై మందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, పట్టేదానికంటే ఎక్కువ జనం, జాకెట్లు లేవు. ఈ మూడింటిలో ఒక్కటి కనపడినా దిగిపోండి, డబ్బులు వెనక్కి అడగక్కర్లేదు.

పొద్దున్నే

తెల్లారగానే టెంటు విప్పే తొందర వద్దు. మంచు పట్టిన గుడ్డ ఎండ తగిలి ఆరడానికి గంట పడుతుంది, ఈలోగా ఉప్మా, టీ. విప్పేటప్పుడు మేకులు ముందు తీసి లెక్కపెట్టి సంచిలో వేయండి. గడ్డిలో మిగిలిన ఒక్క మేకు తర్వాత వచ్చేవాళ్ల పాదంలో దిగుతుంది. ఆ స్థలం మీద అందరూ వరసగా నిలబడి ఒకసారి ఇటునుంచి అటు నడిస్తే ప్లాస్టిక్ ముక్కలు, సిగరెట్ పీకలు అన్నీ దొరుకుతాయి.

ఎంత ఆరినట్టు కనిపించినా ఇంటికొచ్చాక టెంటును మేడ మీద నీడలో దండెం మీద మళ్లీ రెండు గంటలు ఆరబెట్టండి. అడుగు షీటును తిరగేసి తడిగుడ్డతో బురద తుడవండి. తడిగా చుట్టిపెట్టిన టెంటుకు వారం తిరిగేసరికి నల్లచుక్కల బూజు పడుతుంది, పైపూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. ఆరాక వచ్చిన చిన్న సంచిలో కుక్కకుండా పాత దిండు గలీబులో వదులుగా పెట్టి అటక మీద ఉంచండి.